నా బదులు

ఇది మూడేళ్ళ కిందటే రాసి ఉండవలసింది. అప్పటికి నాకు అక్షరాలు రావు.

కుప్పం పక్కన మా పుట్టింటి ఊళ్ళో బడి రైలుకట్టకు అవతల ఉండేది. ఆడపిల్ల కట్ట దాటితే ఏ రైలు కింద పడుతుందో అని మా అమ్మకు భయం. అందుకని నన్ను బడికి పంపలేదు. కట్టెపుల్లల కోసం మాత్రం రోజూ అదే కట్ట దాటి పోయేదాన్ని. అందులో తిరకాసు ఉందని అప్పట్లో ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. తర్వాత పుంగనూరు దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. కలుపుకు, టమోటా కోతకు, మేము చెనక్కాయలనే వేరుశనగ పనికి పోవడానికి అక్షరాల అవసరం పడలేదు. బస్సు ఎక్కే ముందు పక్కవాళ్ళను అడిగేదాన్ని. రేషను షాపులో వేలు పెట్టేదాన్ని.

నలభై రెండేళ్ళ వయసులో నేర్చుకున్నాను. నేర్పింది నా కూతురు. దానికి అప్పుడు పదహారు. కుడిచేతికి కట్టుతో ఆసుపత్రి నుంచి వచ్చి, ఎడమచేత్తో మళ్ళీ అ ఆలు దిద్దడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం పూట పని లేనప్పుడు నేను పక్కన కూర్చునేదాన్ని. ఒకే నోటు పుస్తకంలో ఎడమ పేజీ దానిది, కుడి పేజీ నాది. రెండు పేజీలూ కోడి గీరినట్టే ఉండేవి. ఏది ఎవరిదో చూసినవాళ్ళు చెప్పలేకపోయేవాళ్ళు.

అక్షరాలు వచ్చాక నేను మొదట చదివిన కాగితం పోలీసుల కాగితం. అందులో ఒక అక్షరం లేదు. లేదని తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మొదటినుంచి చెప్తాను.

మా ఊళ్ళో ఒక ఆసామి ఉన్నాడు. నీళ్ళున్న చేను, సొంత ట్రాక్టరు, సొంత చెనక్కాయల మిషను ఉన్నవాడు. ఆ సంవత్సరం చెనక్కాయ చెట్లు పీకి ఎండబెట్టిన రెండోరోజు సాయంత్రం మా ఇంటి ముందర బండి ఆపాడు.

"ఏమ్మే, రేపు నువ్వు రావాల. మిషన్‌కాడ చెయ్యి తిరిగిందానివి నువ్వొక్కదానివే. తక్కినోళ్ళంతా పెండ్లికి వచ్చినట్ల వస్తారు."

"వస్తాలే అన్నా," అన్నాను.

తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. లేచి రెండడుగులు వేసి మళ్ళీ కూర్చున్నాను. మాట ఇచ్చి పోకపోతే ఆ సీజను అంతా పిలవరు. మా ఆయన బెంగుళూరులో కట్టడం పనిలో ఉన్నాడు, నెలకు రెండుసార్లు కుప్పంలో రైలు దిగి వస్తాడు. ఇంట్లో ఉన్నది నేను, పాప. పాప ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ రోజు కాలేజీ లేదు.

"నీ బదులు నేను పోతాలే మా. పండుకో," అంది.

నేను వద్దనలేదు. దీన్ని రాయడం కష్టంగా ఉంది, కాబట్టి ఇంకోసారి రాస్తున్నాను. నేను వద్దనలేదు. దుమ్ముకు తలకు చుట్టుకోమని పాత తువ్వాలు ఇచ్చాను. గాజులు తీసేసి పొమ్మన్నాను. నేను చెప్పిన జాగ్రత్త అదొక్కటే.

ఆ మిషను ట్రాక్టరు ఇంజనుతో తిరుగుతుంది. పైన నోరు ఉంటుంది. చెట్లను గుప్పెడు గుప్పెడు ఆ నోటికి అందించాలి. లోపల పళ్ళున్న డ్రమ్ము తిరిగి కాయలు కిందికి రాలుతాయి, ఆకు పక్కకు ఎగిరిపోతుంది. కొన్న కొత్తలో ఆ నోటికి ఒక రేకు ఉండేది. చెట్లను రేకు మీద పెట్టి తోస్తే లోపలికి జారేవి. మన చెయ్యి రేకు ఇవతలే ఆగిపోయేది. రెండో ఏడు చూస్తే రేకు లేదు. రేకు ఉంటే పని నిదానం. ఏమైందని మేమెవరం అడగలేదు. నిజం చెప్పాలంటే, తొందరగా అయిపోయి పొద్దుండగానే ఇంటికి పోవచ్చని సంతోషపడ్డాం.

పదకొండు గంటల వేళ, పాపకు ఎదురుగా నిలబడి పని చేసిన ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. వరసకు నాకు వదిన అవుతుంది. గడప పట్టుకుని నిలబడింది. తర్వాత, "చెట్లు ఇరుక్కున్యాయి. తోసింది. అంతే వదినా, అంతే," అంది.

ఆసామి తన కారులోనే పాపను పుంగనూరుకు, అక్కడ కాదన్నాక మదనపల్లెకు తీసుకుపోయాడు. దారిలో ఎక్కడా ఆపలేదు. అది ఆయన చేసిన మంచి. దాన్ని నేను ఏ ఆఫీసులోనూ కాదనలేదు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. మధ్యలో మూడు వేళ్ళు పోయాయి.

మా వైపు మిషను అంటే చాలా ఉన్నాయి. చెనక్కాయలదీ మిషనే, బట్టలు కుట్టేదీ మిషనే, మదనపల్లెలో మిషనరీలు కట్టిన పాత ఆసుపత్రీ మిషనే. కట్టు మార్పించుకోవడానికి పోతున్నప్పుడు ఒకసారి బస్సులో కండక్టరు అడిగాడు.

"యాడికమ్మా?"

"మిషన్‌కప్పా."

"యా మిషను? పిండి పట్టేదా, బట్టలు కుట్టేదా?"

"వేళ్ళు కుట్టేది," అంది పాప కిటికీలోంచి బయటికి చూస్తూనే.

ఆయన దాని ఒడిలో ఉన్న కట్టు అప్పుడు చూశాడు. టికెట్లు చించి నా చేతిలో పెట్టి, చిల్లర మరచిపోయి ముందుకు పోయాడు. మళ్ళీ వచ్చి ఇచ్చాడు. అప్పుడు కూడా మా మొహం చూడలేదు.

ప్రమాదం జరిగిన రెండోరోజు ఆసుపత్రికి పోలీసాయన వచ్చాడు. మెత్తని మనిషి. పాపకు బిస్కెట్లు తెచ్చాడు. స్టూలు మీద టీ పెట్టుకుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు.

"పాప ఆడికి యాల పోయింది? కూలికేనా?"

చదువుకునే పిల్లను కూలికి పంపితే తల్లి మీద కూడా కేసు పెడతారని పక్క మంచం ఆమె పొద్దున్నే చెప్పింది. జ్వరం ఇంకా తగ్గలేదు. పాప చేతికి చుట్టిన గుడ్డ తడిసి రంగు మారుతోంది. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి.

"బదులుకు పోయింది సార్. నాకు జరం," అన్నాను.

"నా బదులుకు" అన్నానో, ఉత్త "బదులుకు" అన్నానో ఇప్పటికీ తెలియదు. అన్నాననే అందరితో వాదించాను. ఈ కాగితం మీద అబద్ధం రాయలేను. నాకు జ్ఞాపకం లేదు.

మా ఊళ్ళో "బదులు" అనే మాటకు ఇంకో అర్థం ఉంది. ఈరోజు నువ్వు నా చేనికి వచ్చి చెయ్యి, రేపు నేను నీ చేనికి వచ్చి చేస్తాను. దాన్ని బదులుకు పోవడం అంటాం. అందులో కూలి ఉండదు. యజమాని, పనిమనిషి అనే తేడా ఉండదు. ఇద్దరూ రైతులే. పోలీసాయన ఈ ప్రాంతం వాడే, ఆ మాట తెలిసినవాడే. రాసుకున్నాడు. నేను వేలిముద్ర వేశాను. ఆయన ఒక పాతగుడ్డ ఇచ్చి వేలు తుడుచుకోమన్నాడు.

ఆసామి మొదటి నెల ఆసుపత్రికి రెండుమూడుసార్లు వచ్చాడు, మందులకు కట్టాడు. ఆ తర్వాత రావడం మానేశాడు. ఒక నర్సమ్మ నన్ను వరండాలోకి పిలిచి, "పనిలో పెట్టుకున్నవాళ్ళ బాధ్యత ఉంటుందమ్మా, ఇట్లాంటి చిన్నపిల్లను మిషన్ దగ్గర నిలబెట్టినప్పుడు ఇంకా ఉంటుంది. లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టు," అని చెప్పింది. మదనపల్లెలోనే పెట్టాను. అర్జీ రాసిచ్చే ఆయన రాసిచ్చాడు.

ఎనిమిది నెలల తర్వాత పిలిచారు. అక్కడి సారు కళ్ళజోడు పైకి తోసుకుని పోలీసు కాగితం జిరాక్సు చూశాడు.

"ఏమ్మా, ఈ కాగితం ప్రకారం మీ పాపను పనికి పెట్టుకున్నోళ్ళే లేరే."

ఆసామి పక్కనే ఉన్నాడు. చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా చెప్పాడు. "మా ఊళ్ళో అందురం బదులుకు పోతాం సార్. వాళ్ళు మాకొస్తారు, మేము వాళ్ళకు పోతాం. ఈడ యజమానీ ల్యాడు, కూలీ ల్యాడు. పాప మా ఇంటి బిడ్డ మాదిరి."

"ఈయప్ప మా చేనికి ఎప్పుడన్నా వచ్చినాడా సార్? మాకు చేనే లేదు," అన్నాను.

"లేదని ఏమన్నా కాగితం ఉందా?"

"లేని చేనికి కాగితం యాడ తెచ్చేది సార్?"

గదిలో ఉన్న గుమాస్తా నవ్వాడు. సారు కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. వీఆర్వో దగ్గర రాయించుకుని రమ్మన్నాడు. ఆ కాగితం కోసం నాలుగు నెలలు తిరిగాను. ఈయన బదిలీ అయ్యాడని, ఆయన ఇంకా చేరలేదని చెప్పారు. తెచ్చాక, చేను లేనివాళ్ళు కూడా బదులుకు పోవచ్చు కదా, ముందు ఇచ్చిన స్టేట్‌మెంటు అట్లే ఉంది కదా అన్నారు. విచారణకు ఇంకో తేదీ ఇచ్చారు. ఆ తేదీ రోజు సారు క్యాంపులో ఉన్నాడు.

ఊళ్ళో నాకు కొత్త పేరు పెట్టారు. స్టేషన్‌లో కేసులు రాసే రైటరు మాదిరి, రైటరమ్మ. కుళాయి కాడ బిందె పెడితే, "జరగండే, రైటరమ్మ వచ్చింది, మన్నందుర్నీ రాసుకుంటుంది," అనేవాళ్ళు. నవ్వేదాన్ని. వేరే ఏం చేస్తాను. మా ఆయన ఫోనులో, "ఇడిసిపెట్టు మే. తిరిగి తిరిగి నీ కాళ్ళు గూడా పోతాయి," అనేవాడు. ఆ మాటలో కోపం లేదు. ఆయనకూ అలసటే.

వీటిలో ఏదీ నన్ను అంత బాధపెట్టలేదు. పాప నాతో అనే మాట బాధపెట్టేది. విచారణకు రమ్మంటే వచ్చేది కాదు. "చెయ్యి పెట్టింది నేనే గదా మా. ఆయనేం చేస్తాడు?" అనేది. ఏడవకుండా, గిన్నెలు తోముతూ, లెక్కల్లో జవాబు చెప్పినట్టు చెప్పేది. పద్దెనిమిదేళ్ళు నిండాయి, పంతొమ్మిది వచ్చాయి, ఆ మాట మారలేదు. ఆసామి ఏమిస్తాడన్నదాని కంటే, ఈ పిల్లను అక్కడ నిలబెట్టింది ఒక మనిషి అని ఎవరైనా కాగితం మీద రాస్తే చాలని నాకు ఉండేది. రాస్తే అది చదువుకుంటుంది. చదివిన మాటను అది నమ్ముతుంది, నా మాట నమ్మదు.

పోలీసు కాగితం జిరాక్సు రేషను కార్డుతో పాటు పెట్టెలో ఉండేది. అక్షరాలు వచ్చాక దాన్ని తీసి చదవడం మొదలుపెట్టాను. గొలుసుకట్టు రాత. ఒక్కో మాటకు ఒక్కో మధ్యాహ్నం పట్టేది. మా ఊరి పేరు దొరికింది, నా పేరు దొరికింది. "జ్వరము" దొరికింది. ఒకరోజు "బదులుకు పోయినది" అన్న దగ్గర వేలు ఆగింది. దాని ముందు ఉన్న మాట మళ్ళీ చూశాను. "కుమార్తె" అని ఉంది. కుమార్తె బదులుకు పోయినది. మధ్యలో ఏమీ లేదు.

"పాపా, ఈడ 'నా' ఉండాల గదా?"

వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. "ఉండాల," అంది. అంతకు ముందు దాన్ని చదవమంటే ఎప్పుడూ చదవలేదు.

ఆ "నా" ఉంటే, పాప పోయింది నా స్థానంలోకి. నేను ఆయన దగ్గర కూలిదాన్ని, కాబట్టి అదీ ఆయన దగ్గర కూలిదే. అది లేకపోతే ఏదో చుట్టాల ఇంట్లో చేతిసాయానికి పోయినట్టు. రెండేళ్ళుగా అందరూ చదువుతున్నది ఆ ఒక్క అక్షరం లేని వాక్యాన్ని.

సాక్షి ఉంటే మార్చవచ్చని ఆఫీసు గుమాస్తా చెప్పాడు. పాపకు ఎదురుగా పని చేసిన వదిన ఇప్పుడు కుప్పంలో ఉంది. కూరగాయల మండీలో టమోటాలు, బీన్సు ఏరే పని చేస్తోంది. పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా పోయాను. బస్సు బోర్డులు చదవడం వచ్చాక అది నా మొదటి దూరప్రయాణం. ప్రతి ఊరి పేరూ చదివి చదివి తలనొప్పి వచ్చింది.

వదిన బుట్టల మధ్య కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఓయమ్మా, రైటరమ్మ కుప్పందాకా వచ్చేసిందే! అరెస్టు చేసేకా?" అంది. పక్కవాళ్ళు నవ్వారు. టీ తెప్పించింది. పాప ఎట్లా ఉందని అడిగి, జవాబు వినకముందే కళ్ళు తుడుచుకుంది.

"ఆ పొద్దు ఆయన ఏమన్యాడు వదినా? నువ్వు ఇన్యావు గదా."

"ఇనకేం? పాప పోతానే అడిగినాడు. 'మీయమ్మ రాల్యాదా? సరే, మీయమ్మ జాగాలో నువ్వు నిలబడు, తొందరగా పెట్టాల' అన్యాడు. అది నిలబడింది."

"ఇదే మాట ఆఫీసులో సెప్తావా?"

వదిన కుళ్ళిన టమోటాను పక్కన వేసి, ఇంకొకటి తీసి, దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"మా తమ్ముడు ఆయన చేనే గుత్తకు చేస్తాండాడు. నేను నోరు తెరిస్తే రేపు వాడికి చేను ఉండదు. నీకు సెప్పినా గదా. నా పేరు మాత్రం రాయొద్దు వదినా."

"నీ పేరు రాసేకి నాకు యాడ వస్తాది? దాన్నిండా ఒత్తులే."

ఇద్దరం నవ్వాం. ఆమె ఒక సంచిలో బీన్సు పోసి ఇచ్చింది. బస్టాండు దాకా వచ్చి ఎక్కించింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె జాగాలో ఉంటే నేనూ అంతే చేసేదాన్ని.

తిరుగు బస్సులో అనుకున్నాను, ఇంక నేనే రాయాలి అని. ఏడు రోజులు రాశాను. ఒక పేజీ కూడా నిండలేదు. రాసి పాపకు ఇచ్చాను. అది ఎడమచేత్తో పెన్ను పట్టుకుని టీచరు మాదిరి చదివింది.

"బాధ్యతలో ద కాదు మా, ధ. కింద గీత పెట్టాల."

"గీత పెట్టకపోతే ఆయన బాధ్యత తగ్గిపోతాదా?"

"ఆఫీసోళ్ళు అంతే. గీత లేదని ఇంకో తేదీ ఇస్తారు."

పెట్టాను. ఇంకో వాక్యం దగ్గర దాని పెన్ను ఆగింది. పాప పోతానంటే నేను వద్దనలేదు అని రాశాను.

"ఇది తీసేయ్ మా. దీన్నే పట్టుకుంటారు."

"జరిగిందే గదా."

"తీసేయ్."

తీయలేదు. అది తీస్తే తక్కిన వాక్యాలు కూడా ఎవరో రాయించినట్టు ఉంటాయని అనిపించింది. పాప మొహం అటు తిప్పుకుని పడుకుంది. విచారణకు నాతో రాలేదు.

మదనపల్లెలో ఆ రోజు సారు ఉన్నాడు. ఇది మూడో సారు. కాగితం ఇస్తే చూసి, "నువ్వే రాసినావా? అయితే నువ్వే చదువు," అన్నాడు. నిలబడి చదివాను. చదవడానికి చాలాసేపు పట్టింది. ఆసామి మొదట విన్నాడు, తర్వాత ఫోను చూసుకున్నాడు. గుమాస్తా ఫ్యాను స్పీడు తగ్గించాడు, కాగితం ఎగురుతోందని. "నా బదులు" అన్న దగ్గర నాకు గొంతు కాస్త పెరిగింది. చదివిందంతా అయ్యాక సారు వీఆర్వో కాగితం తిరగేశాడు. తర్వాత ఆసామిని అడిగాడు.

"ఈమెకు చేను లేదని వీఆర్వో రాసిచ్చినాడు. చేను లేనామెతో నీకు బదులు ఎట్లయ్యా?"

సారు గుమాస్తా చేత కొత్త కాగితం మీద రాయించాడు. కుమార్తె నా బదులు కూలికి పోయినది అని. నన్ను చదువుకోమన్నాడు. చదువుకున్నాను. "నా" ఉంది. కింద సంతకం పెట్టాను. ఇంకు డబ్బా నా వైపు జరిపిన గుమాస్తా దాన్ని మళ్ళీ వెనక్కు లాక్కున్నాడు.

అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆసామి గొంతు సవరించుకున్నాడు.

"సరే సార్, కూలికే వచ్చింది అనుకుందాం. నేను నోట్లో చెయ్యి పెట్టమన్యానా? ఆ పిల్లే పెట్టింది. మిషన్ కంపెనీ నుంచి ఎట్లొచ్చిందో అట్లే ఉండాది. నేను మార్చిందేమీ ల్యా."

"దానికి రేకు ఉండింది సార్," అన్నాను. "ఈయప్పే తీసేసినాడు."

"రేకా? ఆ మిషన్‌కు రేకు గీకు ఏమీ లేదు సార్."

సారు కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. "రేకు ఉండిందని ఎవరైనా చెప్తారామ్మా? ఫొటో ఏమన్నా ఉందా?" అన్నాడు. లేదన్నాను. ఇంకో తేదీ రాశారు.

మూడేళ్ళు తిరిగి ఒక అక్షరం తెచ్చిపెడితే, ఇప్పుడు రేకు తెమ్మంటున్నారు. మెట్ల మీద కూర్చున్నాను. లేవాలని అనిపించలేదు.

ఆసామి కారు తలుపు తీస్తూ నన్ను చూశాడు. "ఎండలో ఆడ యాల కూసున్యావు? ఎక్కు మే. ఇద్దురం పొయ్యేది ఒకే ఊరికి గదా."

ఎక్కకూడదని తెలుసు. బస్టాండు దాకా నడిచే ఓపిక లేదు, ఎక్కాను. అదే కారు. సీట్లకు కొత్త కవర్లు వేయించాడు. పుంగనూరు దగ్గర ఆపి టీ ఇప్పించాడు. గ్లాసు పట్టుకుని అన్నాడు, "నా మీద నీకు ఇంత కక్ష యాలమ్మే? ఆ పొద్దు నేను కారు తీయకపోతే పాప బతికుండునా?"

"కక్ష లేదన్నా. కారు తీసినావని నేనూ రాసినా. సదివినప్పుడు నువ్వు ఫోను సూస్తాంటివి."

ఆయన టీ తాగాడు. ఊళ్ళో ఆయన ఇంటి ముందరే కారు ఆగింది. దిగాను. వాకిట్లో మూలగా కోళ్ళ గూడు ఉంది, దాని మీద రాయి బరువు పెట్టిన మూత. పొద్దు గూకుతోంది. ఆ మూత నీలం రంగు. మిషనూ నీలమే. ఆ వెలుగులో సరిగ్గా పోల్చుకోలేక ఇంటికి వచ్చేశాను. పాప అడగకుండానే "'నా' రాసినారు" అని చెప్పాను. రేకు సంగతి కూడా చెప్పాను. అది అన్నం పెట్టింది.

మరుసటి రోజు పొద్దున, పనికి పోయే ముందు నోటు పుస్తకం కొంగులో పెట్టుకుని ఆసామి ఇంటికి పోయాను. ఆయన చేనికి పోయి ఉన్నాడు. ఆయన తల్లి వాకిట్లో కోళ్ళను వదులుతోంది. బాగా ముసలామె.

"ఏమ్మే, తెల్లారకముందే?"

"ఏం ల్యామ్మా. ఈ రేకు సూద్దామని."

"ఇదా? మిషన్‌ది. మావోడు పీకి పారేసింటే నేనే గూటికి పెట్టుకున్యా. మంచి రేకు, ఎన్నేండ్లయినా తుప్పు పట్టలేదు సూడు."

రాయి దించి రేకును ఆమే నాకు అందించింది. ఆమె చేతుల్లోంచి తీసుకుంటుంటే నాకు బాగా అనిపించలేదు. ఒక అంచున నాలుగు బోల్టు రంధ్రాలు ఉన్నాయి. మోచెయ్యి ఒక అంచున ఆనించి చెయ్యి చాపాను. వేళ్ళ కొసలు రెండో అంచుకు సరిపోయాయి. కుడి పేజీలో రాశాను. నీలం రేకు. నాలుగు రంధ్రాలు. వెడల్పు మూర.

"ఏం రాస్తాండావే?"

"రేకు ఎంత ఉండాదో రాసుకుంటాండానమ్మా."

రేకును గూటి మీద పెట్టి, దాని మీద మళ్ళీ రాయి పెట్టి ఇంటికి వచ్చాను. పాప లేచి కూర్చుని ఉంది. నోటు పుస్తకం దాని ముందు పెట్టాను. చదివింది. ఇంకోసారి చదివింది. తన కుడిచేతిని ముందుకు చాపి, మోచేతి నుంచి మణికట్టు దాకా చూసుకుంది.

"రేకు ఉండింటే డ్రమ్ముకు చెయ్యి అందేది కాదు," అంది.

"అందేది కాదు."

నోటు పుస్తకం మళ్ళీ తన వైపు తిప్పుకుంది. తర్వాత, "మూర అని రాస్తే ఒప్పుకోరు మా. ఎవురి మూర అంటారు. సెంటీమీటర్లలో రాయాల," అంది. చెప్పులు వేసుకుని, పక్కింటి ఆమె బట్టలు కుట్టే మిషను సొరుగులోంచి టేపు అడిగి తెచ్చింది. ఫొటోకు ఫోను కూడా తీసుకుంది.

ఇద్దరం మళ్ళీ పోయాం. ముసలామె గింజలు చల్లుతోంది. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను. రెండో కొసను పాప కుడిచేత్తోనే, బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య పట్టుకుని, రేకు అంచు మీద గట్టిగా నొక్కింది.